నియమం పక్కన ఒక కారణం

మేం సొంతంగా అల్లుకున్న రోల్ ప్లేయింగ్ ఆట నియమాలన్నీ ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. ఒక్కో నియమానికి ఒక్కో ఫైలు. 'విషం' తెరిస్తే: 20 ముఖాల పాచిక వెయ్యి, ఒంటి బలం కలుపు, 12 దాటకపోతే వంతు వంతుకీ ప్రాణం తరుగుతుంది. పాముకాటు, కల్తీ కల్లు, శాపం... విషం మాట ఎక్కడొచ్చినా ఆ ఫైలుకే లింకు. రేపు 12ని 15 చేస్తే అన్నిచోట్లా మారినట్టే.

ఇలాంటి ఆట నియమాల్ని రాసిపెట్టడం కొత్తేం కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ల రోల్ ప్లేయింగ్ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడు చిన్న పుస్తకాలుగా వచ్చింది. 2023 జనవరిలో ఆ ఆట మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలం పేర్కొంటే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు. సొంత ఆట కట్టుకునేవాళ్ళకి అదెంత ఆసరానో!

నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైంది, ప్రతి నియమం కిందా 'ఎందుకు' అని రాసే ఆ ఒక్క వరుస. 'చీకట్లో బాణం వేస్తే గురి సగం' కింద ఇలా ఉంది: గుహలో కాగడా వెలిగించకుండానే అందరూ గెలిచేశారు, భయమే లేకపోయింది. నియమాన్ని మార్చాల్సి వస్తే దేన్ని కాపాడుకోవాలో ఆ వరుసే చెబుతుంది.

మంత్రాల అధ్యాయం ఇంకా మొదలవలేదు. అందులో సగం మా వాళ్ళ నోళ్ళలోనే ఉంది. ఆదివారం ఆటకి కూర్చున్నప్పుడు ఒక్కొక్కరినీ అడిగి రాసుకోవాలి.