ద్రీనా నది ఒడ్డున

భూమిలో సంచరించి గతించినవారి పర్యవసానాన్ని చూడమన్న దైవాదేశాన్ని మేము ఏళ్ల తరబడి విద్యార్థులకు బోధిస్తూ వచ్చాము. ఆ ఆదేశం ఎంత బరువైనదో బోస్నియాలోని ద్రీనా నది ఒడ్డున తెలిసివచ్చింది.

సరయేవో నుండి తూర్పు దిశగా కొండదారిలో ప్రయాణించి విషెగ్రాద్ పట్టణం చేరాము. తారా, పీవా నదుల సంగమంతో పుట్టిన ద్రీనా 346 కిలోమీటర్లు ప్రవహించి సావా నదిలో కలుస్తుంది. చాలా దూరం బోస్నియా, సెర్బియా దేశాలకు ఇదే సరిహద్దు. చిక్కని ఆకుపచ్చ నీటిపై పదకొండు కమానుల రాతి వంతెన నిలిచి ఉంది.

ఆ చుట్టుపక్కల ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టి, బాల్యంలోనే ఉస్మానియా ప్రభుత్వ సేవకు తరలించబడి, చివరకు ప్రధానమంత్రి అయిన మెహ్మద్ పాషా సొకొలోవిచ్ దీనిని కట్టించారు. వాస్తుశిల్పి మిమార్ సినాన్. నిర్మాణం 1577 ప్రాంతంలో పూర్తయింది. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ కొన్ని కమానులు కూలగా తిరిగి నిర్మించారు. 2007లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. వంతెన నడుమ రాతి అరుగులున్నాయి. తరతరాలుగా ముస్లింలు, క్రైస్తవులు, యూదులు అక్కడ కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేవారు.

1991 జనగణన నాటికి ఈ పురపాలక ప్రాంతంలో సుమారు 21 వేల జనాభా ఉండగా, అందులో 60 శాతానికి పైగా ముస్లింలే. మరుసటి ఏడాది సెర్బు సాయుధ దళాలు వారిపై విరుచుకుపడ్డాయి. ఎందరినో ఈ వంతెన మీద, ఈ ఒడ్డున చంపి నదిలో పడవేశారు. 1992 జూన్‌లో స్త్రీలను, పిల్లలను ఇళ్లలో బంధించి నిప్పుపెట్టారు. ఈ నేరాలకు బాధ్యుడైన ఒక దళనాయకునికి హేగ్‌లోని అంతర్జాతీయ నేర విచారణ ట్రిబ్యునల్ 2009లో యావజ్జీవ శిక్ష విధించింది.

2010లో దిగువనున్న పెరూచాత్స్ జలాశయంలో ఆనకట్ట మరమ్మతుల కోసం నీటిమట్టం తగ్గించారు. అప్పుడు బాధిత కుటుంబాలవారు, స్వచ్ఛంద సేవకులు బురదలో దిగి వెదకగా ఎందరివో అస్థికలు బయటపడ్డాయి. డి.ఎన్.ఏ. పరీక్షలతో పేర్లు తెలిశాయి. ఎన్నో ఏళ్ల తర్వాత వారికి జనాజా నమాజు, ఖబరు దక్కాయి. నది తన వద్దనున్న అమానతును అప్పగించినట్లయింది.

మాతో వచ్చిన మా చిన్నబ్బాయి అరుగు మీద కూర్చుని, "అబ్బాజాన్! చంపినవాళ్లూ, చనిపోయినవాళ్లూ ఒకే ఊరివాళ్లా?" అని అడిగాడు. అవునన్నాము. "అంటే ఒకరికొకరు తెలిసినవాళ్లేనా?" అన్నాడు. వెంటనే బదులివ్వలేకపోయాము.

ప్రియ పాఠకులారా! ఒకరి పాపభారాన్ని మరొకరిపై మోపరాదన్నది మన ధర్మం. అందుకే ఆ బిడ్డకు ఒక జాతిపై ద్వేషాన్ని నేర్పదలచలేదు. పొరుగువాని గురించి చెడు మాట ప్రచారమైన తొలిరోజునే దానిని ఆపాలని, మనం మౌనంగా ఉన్నా భూమీ నీరూ సాక్ష్యం పలుకుతాయని మాత్రం చెప్పాము. తర్వాత పట్టణంలో తిరిగి నిర్మించిన మస్జిద్‌లో అస్ర్ నమాజు చేశాము. సఫ్ చిన్నది. దుఆ మాత్రం చాలాసేపు సాగింది.