గాజుబుడ్డిలో బొమ్మ

మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. మేం ఏది చెప్పినా ఇంట్లోవాళ్ళూ, హాస్టల్ తమ్ముళ్ళూ నమ్మేస్తారు. అందుకే ఉన్నదే చెప్పాలి. "సినిమాలోలాగా గాలిలో బొమ్మ నిలబడుతుందా అన్నా?" అని తమ్ముళ్ళు అడుగుతుంటారు.

నిలబడుతుంది, ఎక్కువగా గాజుబుడ్డిలో. లోపల తెర గిరగిరా తిరుగుతుంటే దానిమీద బొమ్మను ముక్కముక్కగా వేస్తారు. చీకట్లో అగరుబత్తి తిప్పితే నిప్పు చక్రంలా కనబడినట్టే, ఆ ముక్కలన్నీ కలిసి నిండు బొమ్మ అవుతుంది. కళ్ళద్దాలక్కర్లేదు, చుట్టూ తిరిగి చూడవచ్చు.

అయితే అది వట్టి వెలుతురు. ముందున్నది వెనకున్నదాన్ని కప్పదు. ముఖం వేస్తే అందులోంచే తల వెనకభాగమూ కనబడుతుంది! స్కాన్‌లో కణితి ఎంత లోతున ఉందో చూసే డాక్టరుకు మాత్రం అదే కావాలి. ఇక లెక్క చూడండి: పొడవు, వెడల్పు వెయ్యేసి చుక్కలైతే 10 లక్షలు, లోతూ వెయ్యయితే 100 కోట్లు.

2018లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీవాళ్ళు లేజరుతో ఒక నలుసును పట్టి తిప్పి, గాజు లేకుండానే బొమ్మ గీశారు. అది గోరంత.

మన బడికి కొనాలా అంటే మేం వద్దనే అంటాం. గుండె గదులు తెలియడానికి మేకగుండె కోసి చూపితే చాలు, వేలు పెట్టి చూడవచ్చు కూడా. ఆ డబ్బుతో మైక్రోస్కోపులు కొంటే బెంచీకొకటి వస్తుంది.