కొల్లేటి జాతర నుంచి నాన్నగారికి

వట్లూరు
ఫాల్గుణ శుద్ధ అష్టమి

నాన్నగారూ,

క్షేమంగా చేరాను. బెజవాడలో పాసింజరెక్కితే గుణదల, గన్నవరం, పెద్ద అవుటపల్లి, తేలప్రోలు, నూజివీడు దాటి వట్లూరులో దిగిపోవచ్చు. ఊరు ఇంచుమించు ఏలూరులో కలిసిపోయింది. పిన్ని ఇల్లంతా చుట్టాలే. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు అందరం కలిసి వెళ్లాలని అనుకుంటున్నారు. ఫాల్గుణ శుద్ధ పాడ్యమి నుంచి పౌర్ణమి దాకా జాతరే కాబట్టి తొందరేమీ లేదు.

మీరు చదువుతున్న గ్రీకు చరిత్రలో ‘పనేగిరిస్’ అన్న మాటను పండగ అనుకోవాలా, ఉత్సవం అనుకోవాలా అని అడిగారు. గ్రీకులకు పండగ అనడానికి ‘హెయొర్తే’ అని వేరే మాట ఉంది. ఏ దేవుడి పండగకైనా అది సరిపోతుంది. పనేగిరిస్‌లో మాత్రం దేవుడి పేరూ లేదు, పూజ ఊసూ లేదు. ‘పాన్’ అంటే అందరూ. రెండో సగం ‘అగోరా’కు చుట్టం, అంటే జనం కూడడం. అందరూ ఒకచోట చేరడమే ఆ మాటకు అర్థం. జ్యూస్ దేవుడికి ఒలింపియాలో నాలుగేళ్లకోసారి జరిగే వేడుక అలాంటిదే. క్రీ.పూ. 776 నుంచి దాన్ని లెక్క కడతారు. డెల్ఫీ, ఇస్త్మియా, నెమెయా వేడుకలకూ అదే మాట. ఒకరితో ఒకరికి పడని ఊళ్లవాళ్లంతా అక్కడికి వచ్చేవారు. వేడుకకు ముందు ఊరూరా దూతలు తిరిగి సంధి చాటేవారు. దారిలో యాత్రికుల మీద చెయ్యి చేసుకోకూడదు. ఒకరి గొంతు మీద ఒకరు కత్తి పెట్టుకునే ఊళ్లు దేవుడి ముందు భుజాలు రాసుకుని నిలబడ్డాయంటే నాకు ఆ ఆటల కన్నా అదే గొప్పగా తోస్తుంది.

అక్కడా అంగళ్లు పెట్టేవారు. డెలోస్ దీవిలో జరిగే వేడుక ఒకరకంగా వ్యాపారమేనని భూగోళం రాసిన స్ట్రాబో అన్నాడు. పైథాగరస్ పేరున ఇంకో మాట చెబుతారు. బతుకు కూడా పనేగిరిస్ లాంటిదేనట. కొందరు పోటీకి, కొందరు సరుకు అమ్ముకోవడానికి, కొందరు చూడ్డానికి వస్తారట. చూడ్డానికి వచ్చినవాళ్లే అందరిలోకీ మేలట. జాతర చూశాక దీని సంగతి రాస్తాను.

కొల్లేటికోట
ఏకాదశి

నాన్నగారూ,

ఏలూరు నుంచి కైకలూరు బస్సులో వచ్చాం. దారి పొడుగునా రెండు వైపులా నీళ్లు, గట్లు, కిక్కిస పొదలు, గుర్రపుడెక్క. ఆటపాక దగ్గర గూడబాతులు చెట్ల నిండా ఉన్నాయి. కైకలూరులో ఆటో మాట్లాడుకున్నాం. రోడ్డు పడక ముందు జాతరకు జనం పడవల మీదే వచ్చేవారని పక్కన కూర్చున్న మామ్మగారు చెప్పారు. “తాటిదోనెలో మా ఆయన గెడ వేస్తుంటే పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని వచ్చేదాన్నమ్మా. అమ్మ దగ్గరికి నీళ్ల మీదే రావాలి” అన్నారు. ఇప్పుడు ఆటో దిగుతూనే మోకాళ్లు పట్టుకున్నారు గాని ముఖంలో అలసట లేదు.

అమ్మవారు పెద్ద విగ్రహం. కళ్లు విప్పార్చి సూటిగా చూస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆ తర్వాత దండం పెడతారు. జనం కొల్లేట్లో స్నానం చేసి తడిబట్టలతోనే వరసలో నిలబడుతున్నారు. గుడి చుట్టూ ఇటుకల పొయ్యిలు పెట్టి పాలు పొంగిస్తున్నారు. కోళ్లూ మేకపోతులూ మొక్కుబడి కింద వస్తున్నాయి. జలదుర్గకూ గోకర్ణేశ్వరుడికీ కల్యాణం ఈ జాతరలోనే జరుగుతుంది.

ఇక్కడ గజపతుల కోట ఉండేదంటారు. శత్రువు కొల్లేటి నీళ్లను సముద్రంలోకి మళ్లించి కోటను పట్టుకోవాలని కాలువ తవ్వించాడని, ఆ వేళ కోట సేనాపతి కన్నకూతుర్నే బలి ఇచ్చాడని కథ. ఆ కాలువను పేరంటాల కనుమ అంటారు. ఆ పిల్ల పేరు ఎవరూ చెప్పరు. ఆ కథ విన్న దగ్గర్నుంచీ నా మనసు ఆమె మీదే ఉంది.

పైథాగరస్ లెక్క ఇక్కడ కుదర్లేదు. జీళ్ల దుకాణం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. గుంజకు కొట్టిన మేకుకి బెల్లం పాకం తగిలించి, బారెడు లాగి, మడిచి, మళ్లీ తగిలించి లాగుతాడు. ఎర్రగా ఉన్న పాకం చేతిలోనే తెల్లబడి పట్టుకుచ్చులా మెరుస్తుంది. అప్పుడు నువ్వులు అద్ది ముక్కలు కోస్తాడు. ఎక్కడ జాతరైతే అక్కడికి వెళ్లే మనిషి. పొద్దున్నే తలకు స్నానం చేసి అమ్మకు పొంగలి పెట్టాకే పాకం పెట్టాడట. వ్యాపారానికి వచ్చినవాడూ దర్శనానికి వచ్చినవాడూ ఒక్కడే అయితే ఎవరిది మేలని చెబుతాం? చూడ్డానికి వచ్చినదాన్ని నేను. అందరిలోకీ తక్కువ పని నాదే.

ఇంకో సంగతి. ఒలింపియాలో ‘అందరూ’ అంటే మగవాళ్లు. పెళ్లయిన స్త్రీలు ఆటలు చూడకూడదు. దెమేతెర్ దేవత పూజారిణి ఒక్కతికే మినహాయింపు. ఇక్కడ గుంపుకు ముందు నడిచేది ఆడవాళ్లు. పొయ్యి దగ్గరా వరసలోనూ మాట వాళ్లదే. అందరూ కూడడం అన్న పేరు ఒలింపియాకన్నా కొల్లేటికోటకే ఎక్కువ తగుతుందని నా నమ్మకం.

ఈ చుట్టుపక్కల గొడవలు లేవని కాదు. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు (సమాన ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో చేపల చెరువుల గట్లు తెంచేశారు. ఆ మాటెత్తితే ఇప్పటికీ గొంతులు మారతాయి. సరస్సు బతకాలి, పక్షులు రావాలి. ఇక్కడి మనుషుల తిండి కూడా ఈ నీళ్లలోనే ఉంది. గట్టు పోయినవాళ్లూ, గట్లు ఉండకూడదనేవాళ్లూ, ఊరు విడిచి వలస పోయినవాళ్లూ ఈ పక్షం రోజుల్లో ఏదో ఒక పూట ఇక్కడికి వస్తారు. మా పక్క పొయ్యి దగ్గర ఇద్దరు అన్నదమ్ముల కుటుంబాలు. ఏడాదంతా మాటల్లేవట. తోడికోడళ్లు ఒకే కుండలో బియ్యం పోశారు.

ఏలూరు
త్రయోదశి

నాన్నగారూ,

తిరుగు దారిలో ఇక్కడ ఆగాను. ఏడేళ్లకోసారి ఈ ఊళ్లో గంగానమ్మ జాతర జరుగుతుంది. దాని గురించి పిన్ని చెప్పడం మొదలుపెడితే పొద్దు తెలియలేదు.

మీ మాటకు మళ్లీ వస్తాను. ఇలా అందరూ కూడడానికి మనవాళ్లు ఒక్కో ముఖం చూసి ఒక్కో పేరు పెట్టారు. నడిచి వెళ్లడం చూసినవాళ్లకు అది జాతర. మంచి రోజు చూసినవాళ్లకు తిరునాళ్లు. నీళ్లు చూసినవాళ్లకు తీర్థం. సంతోషం చూసినవాళ్లకు సంబరం. పనేగిరిస్‌ను మీరు పండగ అనుకోకండి, తిరునాళ్లనుకోండి. కారణం రైలు దారిలోనే దొరికింది. ఫిబ్రవరిలో గుణదల మేరీమాతకూ, జనవరిలో పెద్ద అవుటపల్లి క్రైస్తవ భక్తుడు జోసఫ్ తంబికీ జరిగే వాటిని జనం తిరునాళ్లనే అంటారు. తంబిగారు 1945 జనవరి 15న పోయారు. ఏటా ఆ తిరునాళ్ల రోజుల్లో ఆయన సమాధి దగ్గరికి అన్ని మతాలవాళ్లూ వస్తారు. గ్రీసులోనూ జ్యూస్ గుళ్లు మూతపడ్డాక ఆ మాట చావలేదు. ఈనాటికీ ఆగస్టు 15న మరియమ్మ పండగకు ఊరూరా జరిగే వేడుకను ‘పనియిరి’ అంటారు. అక్కడా పాటలు, భోజనాలు, అంగళ్లు, పొరుగూరి చుట్టాలు.

రేపు ద్వారకా తిరుమల వెళ్తాను. ఒకే గర్భగుడిలో ఇద్దరు మూలవిరాట్టులున్నారు కాబట్టి అక్కడ ఏడాదికి రెండు కల్యాణాలు, వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి. ఆశ్వయుజంలో మీరూ అమ్మా రావాలి. మెట్లు ఎక్కలేనని అమ్మ అంటుంది, కొండ మీదికి బస్సు వెళ్తుందని చెప్పండి.

జీళ్లు కట్టించాను, తెస్తాను. నాయనమ్మ పుట్టింటివాళ్లు అమ్మవారికి చేసేదాన్ని తీర్థం అనేవారా, సంబరం అనేవారా? గుర్తుంటే జవాబులో రాయండి.

మీ అమ్మాయి