తలుపులు మారిస్తే చాలా, బాక్సులు కూడా మార్చాలా?

ఈ వారం వంటింటి అలమరాల గురించి రాస్తున్నా. నవ్వేవాళ్లు నవ్వండి గానీ చివరిదాకా చదవండి. మనలో చాలామంది తమ ఇంట్లో మొదటి ఉద్యోగస్తులు. సొంత ఇల్లు అనే మాట అనుకుంటున్నదీ మొదటిసారే. ఊళ్లో ఎంతోమంది ఇళ్లకి మనవాళ్లు ఇటుకలు మోశారు, మాలు కలిపారు. కొనేవైపు నిలబడి ఇది ఏ చెక్క, ఎందుకింత ధర అని అడిగిన అనుభవం మాత్రం మనకి ఎవరూ అప్పజెప్పలేదు. దాన్ని మనమే పోగేసి ఒకరికొకరం చెప్పుకోవాలి.

మేం కొన్నది హైదరాబాదులో పాత ఫ్లాటు. కట్టి పన్నెండేళ్లు. అప్పు తీరడానికి ఇరవై ఏళ్లు. వంటింట్లో అలమరాల సన్‌మైకా అంచులు లేచిపోయాయి, రెండు తలుపులు వేలాడుతున్నాయి, సింకు కింద ముక్క వాసన. ముందున్న దారులు రెండు. బాక్సులు అలాగే ఉంచి తలుపులు, హింజెస్, పైన కనపడే సన్‌మైకా మార్చుకోవడం ఒకటి. మొత్తం పీకేసి కొత్తవి చేయించుకోవడం రెండోది. మాకు చెప్పిన ధరలు మొదటిదానికి 80 వేలు, రెండోదానికి 2 లక్షల 40 వేలు. ఆ తేడాతో మా తమ్ముడి కూతురి ఇంజనీరింగు ఫీజు రెండేళ్లు గడుస్తుంది.

షోరూమ్‌లో కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. కొలతలకంటే ముందు "వెజ్జా, నాన్‌వెజ్జా మేడమ్?" అని అడిగాడు. చిమ్నీ సైజు చెప్పడానికట. తర్వాత "పాతవన్నీ తీసేయండి మేడమ్, ఎవరైనా గెస్టులు వస్తే బాగోదు" అన్నాడు.

ఆ మాట దగ్గర నాకు గుచ్చుకుంది. అద్దె ఇళ్లలో పదిహేనేళ్లు ఆ "ఎవరైనా వస్తే" భయంతోనే బతికాం. అమ్మ ఊరి నుంచి తెచ్చే ఎండు తునకల డబ్బా ప్రతి ఇంట్లోనూ సింకు కింద అలమరాలో, అన్నిటికంటే వెనక మూల ఉండేది. ఓనరమ్మ నీళ్ల మోటరు వంకతో లోపలికి వస్తే కంటపడకూడదని. సింకు కింద తేమ. ఎంత బాగా ఎండబెట్టినా వానాకాలంలో బూజు పట్టేది. అమ్మ ఏమీ అనకుండా మళ్లీ ఎండకి పోసేది. తలుపు మంచిదా, బాక్సు మంచిదా అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ డబ్బానే గుర్తొస్తుంది.

షోరూమ్ నుంచి వచ్చి, పరిచయమున్న కార్పెంటర్ మేస్త్రిని పిలిచాం. ఆయన తలుపుల వైపు చూడనేలేదు. అన్నీ తెరిచి లోపలికి టార్చి వేశాడు. స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి "పొడిచి చూడండి మేడమ్" అన్నాడు. సింకు కింద పలకలోకి అది మెత్తగా దిగిపోయింది. అది పార్టికల్ బోర్డు. చెక్కపొట్టు, పేళ్లు జిగురుతో అదిమి చేసే పలక. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరాక కూడా పాత మందానికి రాదు, స్క్రూ పట్టు వదిలేస్తుంది. అలాంటి బాక్సుకి ఎంత ఖరీదైన తలుపు బిగించినా కొన్నాళ్లకి ఊడి చేతికొస్తుంది.

పై అలమరాల్లో ఒక హింజ్ విప్పి రంధ్రంలోకి చూపించాడు. పొరలు పొరలుగా ప్లైవుడ్, 18 ఎమ్ఎమ్. స్క్రూ మళ్లీ బిగిస్తే గట్టిగా కరుచుకుంది. అరలు వంగలేదు, వెనక గోడ పొడిగా ఉంది, చెదల మట్టిగీతలు లేవు. పొయ్యి వైపు కింది బాక్సులూ అంతే. మొత్తంలో చెడిపోయినవి సింకు వైపు మూడే.

ఈ సంగతి చెబితే మా స్టూడెంట్ తమ్ముడొకడు "అక్కా, మరి సంస్కరణా, నిర్మూలనా?" అని ఎగతాళి చేశాడు. అలమరాకి కులం లేదురా, గట్టిగా ఉన్నదాన్ని పారేయడం దండగ అన్నాను.

అయితే బాక్సు గట్టిగా ఉంటే చాలదు. తలుపులు మారిస్తే రంగు మారుతుంది గానీ ఎత్తు మారదు. అమ్మకి పై అర అందదు. స్టూలు ఎక్కుతుంది, మోకాళ్లు ఒప్పుకోవు. ఇక్కడ మీకో చరిత్ర చెప్పాలి. మాడ్యులర్ కిచెన్ అంటే డబ్బున్నోళ్ల సోకు అనుకుంటాం. దాని మొదటి రూపాల్లో ఒకటి 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టించిన ప్రజా గృహాల కోసం తయారైంది. గీసింది మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు. వంటచేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుంది, దేనికోసం వంగుతుంది అని లెక్కగట్టి గీసింది. తర్వాత నాజీలకి వ్యతిరేకంగా పనిచేసి 1941లో అరెస్టయి, 1945 దాకా జైల్లో ఉంది. అంత ఆలోచనతో పుట్టిన వస్తువుని ఇప్పుడు మనకి గెస్టుల పేరు చెప్పి అమ్ముతున్నారు.

అందుకే అమ్మని గట్టు దగ్గర నిలబెట్టి చెయ్యి పైకెత్తమన్నాం. పొయ్యి లేని వైపు పై బాక్సులు విప్పి నాలుగంగుళాలు కిందికి దించి బిగించవచ్చని మేస్త్రి చెప్పాడు. పొయ్యి పైన మాత్రం దించకూడదు, మంట సెగ తగులుతుంది. సింకు వైపు మూడు బాక్సులు తీసేసి, అక్కడ మళ్లీ చెక్క పెట్టకుండా ఇటుక గోడల మీద కడప బండ అరలు వేయించాం. కడప బండ ఉబ్బదు, చెద పట్టదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ముందర ఫ్రేము కట్టి తలుపులు పెట్టాం. అంతకంటే ముందు ప్లంబరుతో సింకు లీకు ఆపించాం. లీకు ఆపకుండా ఏం చేసినా మళ్లీ మొదటికే వస్తుంది. మిగతా బాక్సులకి కొత్త తలుపులు. అన్నీ కలిపి లక్షా 5 వేలు అయింది.

ఒక బాక్సుకి మాత్రం తలుపు వద్దంది అమ్మ. కంటి ఎత్తులో, గాలి తగిలేచోట ఉన్నది. "ఆ డబ్బాకి తలుపెందుకే పిల్లా, దానికి గాలి కావాలి" అంది. ఇప్పుడు తునకల డబ్బా అక్కడే, పోపుల డబ్బా పక్కన ఉంది. ఈ వానాకాలం బూజు పట్టలేదు.

మీ వంతు వచ్చినప్పుడు పనికొచ్చేవి కొన్ని. సింకు కింద పలకని ముందు పొడిచి చూడండి. ప్లైవుడ్ కొంటే ఎమ్ఆర్ అన్నది మామూలు గాలి తేమనే తట్టుకుంటుందని, నీళ్ల దగ్గర బీడబ్ల్యూపీ కావాలని, పలక మీద ఐఎస్ 710 ముద్ర వెతకాలని గుర్తుంచుకోండి. చదరపు అడుగు ధర చెప్పినప్పుడు కొలిచేది తలుపునా, లోపలి బాక్సునా, హింజెస్, ఛానెళ్లు అందులోనే వస్తాయా అని కాగితం మీద రాయించుకోండి. పలకల జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది, కోసేటప్పుడు పొట్టు లేస్తుంది. రెండూ క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. కిటికీలు తెరిచి ఉంచండి. కోసే మనిషికి మంచి మాస్కు మీరే కొనివ్వండి, అది కూలీలో కోయకండి.

రంగు ఎంచుకునే ముందు, రోజూ ఆ గట్టు దగ్గర నిలబడే మనిషిని అడగండి. ఏది చేతికి అందాలో, దేనికి తలుపు అక్కర్లేదో ఆమెకి తెలుసు.

వచ్చే వారం అద్దె అగ్రిమెంట్ల గురించి రాస్తా.