నగరి పెరట్లో తేనెపెట్టె

చెన్నై నుండి తిరుపతికి వచ్చే దారిలో, తమిళనాడు సరిహద్దు దాటిన కాసేపటికే నగరి వస్తుంది. ఊరి దగ్గరి కొండల వరుసలో ఒక శిఖరం మనిషి ముక్కులా పొడుచుకొని ఉంటుంది. పూర్వం సముద్రంలో వచ్చే ఓడలవారికి ఇది ఆనవాలు. ఆంగ్లేయులు దానికి 'నగరి నోస్' అని పేరు పెట్టుకున్నారు. ఊళ్లో మరమగ్గాల చప్పుడు, ఊరి బయట మామిడి తోటలు, చెరకు మళ్లు. సంక్రాంతి వెళ్లిన మూడు వారాలకు మేము కుటుంబంతో అక్కడికి వెళ్లాము. మాకు మామయ్య వరస అయ్యే ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుని ఇంట దిగాము.

ఆయన పెరట్లో మునగచెట్టు కింద ఒక తేనెపెట్టె ఉన్నది. నిరుడు రెండు ఉండేవి. నవంబరు వానలలో ఒక దానిలోని ఈగలు లేచిపోయాయి. రెండవది బ్రతికియున్నదో లేదో ఆ రోజు తేలాలి.

చలి దేశాలలో ఈగలకు చలే గండం. నగరిలో అలా కాదు. ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలే వాటికి కరువు. పువ్వు తడిసిపోతుంది, ఈగ బయటికి పోలేదు. అందుకే మామయ్య డిసెంబరంతా చక్కెర, నీళ్లు సమంగా కలిపి కొబ్బరిచిప్పలో పోసి లోపల పెట్టారు. ఈగలు మునిగిపోకుండా అందులో నాలుగు పుల్లలు వేశారు.

పది గంటలకు ఎండ బాగా వచ్చాక, "అల్లుడా, వాకిలికి ఎదురుగా నిలబడొద్దు, పక్కకు రా" అన్నారు. పెట్టె కాళ్లు నాలుగూ నీళ్ల గిన్నెలలో ఉన్నాయి, చీమలు ఎక్కకుండా. కొబ్బరిపీచు పొగ రెండుసార్లు ఊది మూత తీశారు.

ఈ పెట్టె కథ మా పాఠకులకు నచ్చుతుంది. చట్రాల మధ్య ఈగ నడవడానికి సరిపడే సందు వదిలితే, అవి దాన్ని మైనంతో పూడ్చవని 1851లో గ్రహించినవాడు లాంగ్‌స్ట్రాత్ అనే అమెరికా పాస్టరు. మన నాటు ఈగ చిన్నది గనుక దానికి తగిన చిన్న పెట్టెను తయారు చేసినవాడు ఫాదర్ న్యూటన్. తిరుచిరాపల్లి ప్రాంతంలో 1911 తర్వాతి సంవత్సరాలలో ఆయన పల్లెవాళ్లకు ఈ పని నేర్పాడు. నేటికీ దాన్ని న్యూటన్ పెట్టె అనే అంటారు. దెబోరా అనే పేరుకు హెబ్రీ భాషలో తేనెటీగ అని అర్థమని మా పిల్లలకు అత్తయ్య అప్పుడే చెప్పింది.

మొదటి చట్రం ఖాళీ. రెండవ దానిలో బూజులాంటి దారాలు, మైనపు పురుగు. మామయ్య ముఖం వాడిపోయింది. ఆ అట్టను కోసి, పొయ్యిలో వేయమని అత్తయ్యకిచ్చారు. మూడవ చట్రం ఎత్తగానే చేతికి బరువు తెలిసింది. రెండు వైపులా కూలి ఈగలు కిక్కిరిసి ఉన్నాయి. రాణి కనబడలేదు. అయినా గదుల అడుగున, ఒక్కొక్క గదికి ఒకటి చొప్పున, సన్నని తెల్లని గుడ్లు నిలబడి ఉన్నాయి. గుడ్డు మూడు రోజులకు పొదుగుతుంది గనుక, మూడు రోజుల లోపలే రాణి అక్కడ తిరిగిందన్నమాట. రాణి కోసం వెతికి ఈగలను బెదరగొట్టడం కంటే ఇదే మంచి పద్ధతి. నాటు ఈగలకు కోపం వస్తే ఇల్లు విడిచి పోతాయి.

పిల్ల పురుగులను ఆయన అద్దం పెట్టి మరీ చూశారు. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు దక్షిణాదిలో నాటు ఈగలను దాదాపుగా ఊడ్చిపెట్టింది. ఆ జబ్బులో పురుగు తల పైకెత్తి, నీటి సంచిలా మారి చచ్చిపోతుంది. ఇక్కడ అన్నీ నెలవంకలా ముడుచుకొని తెల్లగా ఉన్నాయి. అంచున, మూతకు నడిమధ్య సూదిబెజ్జం ఉన్న గదులు కొన్ని కనబడ్డాయి. అవి మగ ఈగలవి. మరి కొన్నాళ్లకు గుంపు రెండుగా చీలవచ్చు, ఖాళీ పెట్టె నిండవచ్చు.

అయితే పక్క తోటలో బెంగళూరా మామిడి పూతమీద ఉన్నది. తేనెమంచు పురుగుకు మందు కొట్టే కాలమిది. పేరులో తేనె ఉన్నా, ఆ మందు పగటిపూట పడితే తేనెటీగలు బ్రతకవు. రైతుకూ పూత దక్కాలి కదా, ఆయనను తప్పు పట్టలేము. సాయంత్రం మామయ్య ఒక సీసా పాత తేనె పట్టుకొని తోటకు వెళ్లారు. మందు ఏనాడు కొట్టేదీ ముందుగా చెప్పమనీ, పొద్దుగూకాక కొట్టమనీ అడగడానికి. చెబితే ఆ రాత్రి వాకిలికి వలకంబి బిగించవచ్చు. మేము తిరుపతి బస్సెక్కే వేళకు వాళ్లిద్దరూ ఇంకా గట్టుమీదే మాట్లాడుకుంటూ ఉన్నారు.