గర్జన మానేసిన గొంతు

స్వీడన్ బ్యాండ్ ఓపెత్ 2011లో ‘హెరిటేజ్’ ఆల్బమ్ విడుదల చేసినప్పుడు పాత అభిమానులు చాలామంది అలిగారు. అలగరా మరి! గాయకుడు మికాయెల్ ఆకర్‌ఫెల్ట్ గొంతులోని డెత్ మెటల్ గర్జన కోసమే వాళ్లు చేరింది. అది ఒక్కసారిగా మాయమైంది. దాని స్థానంలో డెబ్బైల నాటి ప్రోగ్రెసివ్ రాక్ వాసన, మామూలు గానం.

దీన్ని ద్రోహం అనడం మాత్రం నాకు మింగుడుపడదు. ఈ మెత్తదనం కొత్తదా ఏం? 2001 నాటి ‘బ్లాక్‌వాటర్ పార్క్’ వినండి. గిటార్లు విరుచుకుపడుతుండగానే దారి మళ్లి, తీగల మీద వేళ్లు నింపాదిగా నడుస్తాయి. గర్జించిన గొంతే ఎంతో లాలనగా పాడుతుంది. ఆ తర్వాత రెండు ఆల్బమ్‌లు ఒకే విడతలో రికార్డు చేసి, బరువైనవి ‘డెలివరెన్స్’లో, నెమ్మదైనవి ‘డామ్నేషన్’లో పెట్టారు. 2003లో వచ్చిన ‘డామ్నేషన్’లో గర్జన ఒక్కటీ లేదు. నిర్మాత స్టీవెన్ విల్సన్ చేయి పడిన ఆ మెలోట్రాన్ కీబోర్డు దిగులు నాకు ఏ అరుపుకన్నా బరువుగా తోస్తుంది.

అయితే ‘హెరిటేజ్’ని వెనకేసుకురాను. అందులో లోపం గర్జన లేకపోవడం కాదు, పాటల్లో అతుకులు. మూడేళ్లకు వచ్చిన ‘పేల్ కమ్యూనియన్’లో అదే దారి ఎంత సాఫీగా కుదిరిందో!

2024లో ‘ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’తో గర్జన తిరిగొచ్చింది. అలిగినవాళ్లకు సంతోషం. కొత్తగా వినేవాళ్లు మాత్రం ‘డామ్నేషన్’తో మొదలుపెట్టి, వెంటనే ‘డెలివరెన్స్’ పెట్టుకోండి.