ఫ్యూజెక్కడ పెట్టావురా?

ఇంట్లో రెండు కార్లుంటే కొత్తది ఆవిడకీ, పాతది మనకీ. ఇక్కడి తెలుగువాళ్ళకి ఈ రూలు ఎవరూ చెప్పక్కర్లేదు. అలా నా వాటాకొచ్చింది 2006 మోడల్ హోండా అకార్డ్. డాలస్ శివార్లలోని మా ఇంటినుంచి క్లయింటు ఆఫీసుకి నలభై మైళ్ళు. ఆ కాంక్రీటు హైవే మీద డెబ్భైలో పోతుంటే టైర్ల రొద తప్ప ఘంటసాల గారు వినపడరు. పోనీ వాల్యూమ్ పెంచుదామా అంటే పాట చిరుగుతుంది.

కారణం తెలుసుకుంటే చిన్నదే. కంపెనీ స్టీరియో ఎంత గింజుకున్నా బాటరీ ఇచ్చే వోల్టేజి మీదే బతకాలి. ఇంజను నడుస్తుంటే అది 14 వోల్టులు. దాంతో నాలుగు ఓముల స్పీకరుకి ఇరవై వాట్ల దగ్గరే ఆయాసం వచ్చేస్తుంది, డబ్బా మీద ఎన్ని రాసుకున్నా సరే. విడిగా దొరికే ఆంప్లిఫయరులో ఆ వోల్టేజిని పెంచుకునే సర్క్యూటు ఉంటుంది. స్టీరియో మొత్తం మార్చేద్దామంటే ఈ కార్లో ఏసీ బటన్లు కూడా దాంతోనే కలిసి ఏడ్చాయి. కాబట్టి స్టీరియో ఉన్నదే ఉంచి, డిక్కీలో ఛానెల్‌కి యాభై వాట్ల ఆంప్లిఫయరు పెడదామని తీర్మానించా. నాకు నేనే ప్రాజెక్ట్ మేనేజరు, నేనే డెవలపరు. టెస్టింగ్ టీము లేదు. గొడవంతా అక్కడే వచ్చింది.

అన్నట్టు, ఈ పని మా వంశానికి కొత్త కాదు. తెనాలి దగ్గర మా ఊళ్ళో నాన్న మైకుసెట్టు నడిపేవాడు. ఒక ఆహూజా ఆంప్లిఫయరు, నాలుగు హార్న్‌లు, సైకిలు. నేను ఇంటర్లో ఉండగా మా క్లాసుమేటు వాళ్ళక్క పెళ్ళికి ఆయనే మైకు కట్టడానికొచ్చాడు. నేను బంతిలో తలొంచుకుని పప్పన్నం కలుపుతూ కూర్చున్నా. ఆయన నన్ను చూసి కూడా చూడనట్టే హార్న్ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తలేదు.

సరే, శనివారం పొద్దున్నే మొదలెట్టా. ముందు బాటరీ నెగెటివ్ విప్పాలి, అది తెలుసు. (మళ్ళీ తగిలించాక రేడియో కోడ్ అడుగుతుందని మాత్రం తెలీదు. ఆ కార్డు కోసం గ్లవ్ బాక్సులో పదేళ్ళ నాటి రసీదులన్నీ తవ్వా.) స్టీరియోకి విడిగా లైన్ అవుట్‌పుట్ లేదు గనుక స్పీకరు వైర్లనే ఆంప్లిఫయరు హై లెవెల్ ఇన్‌పుట్‌కి ఇచ్చా. ఆ వైర్లలో దేన్నీ బాడీకి తగలనివ్వకూడదు. రెండిట్లోనూ బాటరీలో సగం వోల్టేజి ఉంటుంది, తగిలితే స్టీరియో గోవిందా. ఇహ బాటరీనుంచి డిక్కీదాకా లావుపాటి పవర్ వైరు లాగాలి. ఇంజనుకీ మనకీ మధ్య ఉండే రేకుగోడని ఫైర్‌వాల్ అంటారట. నాకు తెలిసిన ఫైర్‌వాల్ క్లయింటు ఆఫీసుదే. అక్కడ పోర్టు తెరిపించాలంటే మూడు వారాలూ, ఆరుగురి సంతకాలూ. ఇక్కడ డ్రిల్లుతో రెండు నిమిషాల్లో తెరిచేశా.

సాయంత్రానికి పాట మోగింది, దాంతోపాటు సన్నగా ఓ ఈల కూడా. రాత్రి ఎనిమిదికి, అంటే అక్కడ ఆదివారం పొద్దున ఆరున్నరకి, నాన్నకి వీడియో కాల్ చేశా.

ఫోను స్పీకరు దగ్గర పెడితే, "ఈలా? నాకేం వినపడట్లేదే" అన్నాడు. డెబ్భై ఆరేళ్ళు. సన్నటి శబ్దాలు ఆయన చెవికి అందడం మానేసి చాలా కాలమైందట, అమ్మ చెప్పింది. హార్న్‌ల పక్కన ముప్ఫయ్యేళ్ళు నిలబడ్డ చెవులు మరి. అయినా అడగడం మానలేదు. "ఇంజను రేజ్ చేస్తే ఈల కూడా పైకి పోతోందా?" పోతోంది. "అయితే అది ఎర్త్. రంగు మీద బిగించుంటావ్. గీకి, మెరిసే ఇనుముకి తగిలించు." నిజంగానే రంగు మీదే బిగించా. గీకితే ఈల ఆగింది.

ఫోను పెట్టేయబోతుంటే అడిగాడు: "ఫ్యూజెక్కడ పెట్టావురా?"

"డిక్కీలో నాన్నా, ఆంప్లిఫయరు పక్కనే. పోతే మార్చడం తేలికని."

కాసేపు మాట రాలేదు. "బాటరీ వైరు పీకెయ్. పీకాక మాట్లాడు."

పీకా. అప్పుడు చెప్పాడు, ఫ్యూజు డబ్బా కోసం కాదురా, వైరు కోసం అని. బాటరీ పక్కనే, జానెడు రెండు జానల్లోపు ఉండాలట. నేను పెట్టినచోట పెడితే, మధ్యలో వైరు ఎక్కడ రేకుకి తగిలినా ఆపేవాడుండడు. బాటరీ వందల ఆంపియర్లు తోస్తుంది, వైరు పొయ్యిలో కడ్డీలా ఎర్రబడుతుంది. ఆ వైరు పోయేది వెనక సీటు పక్కన కార్పెట్ కింద. వెనక సీట్లో కూర్చునేది మా అమ్మాయి.

తర్వాత ఎప్పుడూ చెప్పని సంగతొకటి చెప్పాడు. ఓ శ్రీరామనవమికి ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే, విసుగొచ్చి దాని స్థానంలో రాగితీగ మెలేసి పెట్టాడట. నడిరాత్రి వైరు కాలి పందిరి తాటాకు అంటుకుంది. జనం లేరుగానీ, కాపలా పడుకున్న కుర్రాడికి చెయ్యి కాలింది. "ఆ ఏడు నేను మైకు ముట్టుకోలేదు. నీకు గుర్తుండదులే."

గుర్తుంది. నాన్న మైకుకి పోవడం లేదని స్కూల్లో ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నానో బాగా గుర్తుంది.

మర్నాడు టార్చి వేసి చూస్తే, ఫైర్‌వాల్‌కి నేను వేసిన కంతలో రబ్బరు గ్రోమెట్ పెట్టడం మర్చిపోయా. రేకు అంచు ఒక్కరోజులోనే వైరు తొడుగు మీద గీత పెట్టింది. ఆ వైరు పారేసి కొత్తది లాగా. కంతకి గ్రోమెట్, బాటరీ పక్కన 40 ఆంపియర్ల ఫ్యూజు. గెయిన్ కూడా చెవిని నమ్మకుండా మీటరుతో పెట్టా. నాలుగు ఓములకి యాభై వాట్లంటే 14 వోల్టుల ఏసీ, అక్కడ ఆపేశా.

మళ్ళీ ఆదివారం నాన్నకి పాట వినిపించా. "బేస్ ఎక్కువైంది, మాట తెలీట్లేదు" అన్నాడు. తగ్గించి, "ఇప్పుడో?" అన్నా.

"ఇప్పుడూ తెలీట్లేదులే. ఆ ఫ్యూజు ఇంకోసారి చూపించు."

బానెట్ ఎత్తి ఫోను దగ్గరగా పెట్టా.